పాట మంచిదే, చెవి మాటేమిటి?

"ఏదైనా సైన్సు వ్యాసం రాయరా, కవితలు ఇప్పటికే బోలెడు వచ్చిపడ్డాయి" అని సంపాదకవర్గంలోని మిత్రుడు నన్ను మెస్ దగ్గర పట్టుకున్నాడు. భౌతికశాస్త్రం చదివేవాణ్ణి గనుక ఏ లేజర్ల గురించో, నక్షత్రాల గురించో రాస్తానని అతని ఆశ కాబోలు. నేను రాయబోయేది ఒక రాక్ పాట గురించి, నా గది మిత్రుడి చెవుల గురించి, ఆ రెండింటి మధ్యా నేను చేసిన పొరపాటు గురించి. లెక్చరర్లు మన్నించాలి. ఫిజిక్సు కూడా ఉంది, మధ్యలో వస్తుంది.

పాట పేరు 'టైమ్'. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బృందం 1973 మార్చిలో వెలువరించిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' రికార్డులో మొదటి వైపు వస్తుంది. దాదాపు ఏడు నిమిషాల పాట. మా హాస్టల్లో ఈ పాట సీనియర్ల నుంచి జూనియర్లకు పిత్రార్జితంలా సంక్రమిస్తూ వస్తోంది. క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి ఫోను వచ్చింది, పాట మాత్రం అక్కడే ఉంది. దాన్ని వినని వాళ్ళకు చిన్న పరిచయం చెయ్యాలి. మొదట కొద్ది సెకన్లు నెమ్మదిగా గడియారాల టిక్‌టిక్. తర్వాత ఒక్కసారిగా, ఏ హెచ్చరికా లేకుండా, ఆ గడియారాలన్నీ కలిసి గణగణా మోగుతాయి. అవి ఆగాక డ్రమ్ములు ఒక్కొక్క దెబ్బే, మధ్యలో బోలెడంత ఖాళీ వదులుతూ, దాదాపు రెండు నిమిషాలు నడుస్తాయి. అప్పుడు గాని గాత్రం రాదు.

నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో కొత్త హెడ్‌ఫోన్లు కొన్నాను. ఆ సాయంత్రం వాన. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. గది మిత్రుణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు వాడి చెవులకు తగిలించి, "కళ్ళు మూసుకోరా, ఒక చిన్న సర్‌ప్రైజు ఉంది" అన్నాను. మొదట్లో టిక్‌టిక్ సరిగా వినబడాలని వాల్యూం కూడా పెంచాను. ఆ తర్వాత సంగతి మీరు ఊహించే ఉంటారు. వాడు హెడ్‌ఫోన్లు లాగి విసిరేసి, వరండాలోకి పరుగెత్తి, గోడకు ఆనుకుని రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుండిపోయాడు. నేను నవ్వాను. "అక్కడ అందరూ ఉలిక్కిపడతార్రా, అదే కదా మజా!" అన్నాను. వాడు నవ్వలేదు. ఆ రాత్రి భోజనానికి రాలేదు. మర్నాటి నుంచి మా సంగీత మిత్రబృందం సాయంత్రాలకు రావడం కూడా మానేశాడు.

చెప్పొద్దూ, అప్పటికే హాస్టల్లో వాడికి 'నాజూకు దొర' అని పేరుంది. మెస్‌లో స్టీలు కంచాలు దబదబా పడేస్తుంటే లేచి బయటికి పోతాడని, గదిలో నా టేబుల్ గడియారం బ్యాటరీ తీసి పారేస్తాడని. ఆ బ్యాటరీ గురించి మేమిద్దరం ఒకటి రెండుసార్లు గట్టిగానే తగువులాడుకున్నాం. ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కొన్ని నెలల తర్వాత, పరీక్షలు అయిపోయి అందరూ ఊళ్ళకు పోగా మేమిద్దరమే మిగిలిన ఒక రాత్రి, వాడే చెప్పాడు. చిన్నప్పటి నుంచీ అంతేనట. కుక్కరు ఈల, బండి హారను, దీపావళి ఔటు, ఏదైనా సరే చెవిలో సూది దిగినట్టు ఉంటుందట. వాళ్ళక్క పెళ్ళిలో గట్టిమేళం మొదలవుతుందనగా వాళ్ళమ్మ వాణ్ణి దొడ్లోకి తీసుకుపోయిందట. "మా అక్కకి తాళి కట్టడం నేను చూళ్ళేదురా. ఫోటోలో చూశాను" అన్నాడు. ఎన్నో ఏళ్ళ క్రితం సంగతి, ఏదో బస్సు తప్పిపోయినట్టు మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు.

డాక్టరుకు చూపించలేదా అని అడిగాను. చూపించారట. వినికిడి పరీక్ష చేసి "భేషుగ్గా ఉంది, అంతా భయమే" అన్నాడట ఆయన. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మామూలు వినికిడి పరీక్ష కొలిచేది మనం వినగలిగే అతి చిన్న శబ్దం ఎంత అని. మనం భరించగలిగే అతి పెద్ద శబ్దం ఎంత అన్నది వేరే కొలత. దాన్ని ప్రత్యేకంగా అడిగి చూస్తే తప్ప ఎవరూ కొలవరు. అందుచేత ఒక మనిషికి చెవులు వంద శాతం బాగుండడమూ, మెస్‌లో కూర్చోలేకపోవడమూ రెండూ నిజం కావచ్చు.

శబ్దం పడకపోవడంలో కనీసం రెండు రకాలున్నాయని నాకు తర్వాత తెలిసింది. ఒకదాన్ని హైపరాక్యూసిస్ అంటారు. మనకు మామూలుగా తోచే శబ్దం ఆ మనిషికి భరించలేనంత గట్టిగా, ఒక్కోసారి నొప్పిగా కూడా వినబడుతుంది. మామూలు చెవి సుమారు 100 డెసిబెల్‌ల దగ్గర "ఇక చాలు బాబూ" అంటుంది. ఈ చెవి అంతకు చాలా ముందే అంటుంది. లోపం చెవిలో కంటే మెదడుకు పోయే దారిలో ఉందని, అక్కడెక్కడో వాల్యూం మీట బాగా పైకి తిప్పి వదిలేసినట్టు అయిపోతుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రెండోదాని పేరు మిసోఫోనియా. 2001లో అమెరికాలోని జాస్ట్రెబాఫ్ దంపతులు పెట్టిన పేరు ఇది. ఇందులో శబ్దం ఎంత పెద్దది అన్నది లెక్కలోకి రాదు. ఎవరో పక్కన కూర్చుని చప్పరిస్తూ తినడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టకటకా నొక్కడం, ఇలా ఏదో ఒక ఫలానా శబ్దం, అది గుసగుసంత చిన్నదైనా సరే, ఒంటికి కారం రాసినట్టు చిర్రెత్తిస్తుంది. ఇవిగాక మైగ్రేన్ తలనొప్పిలో శబ్దం పడకపోవడం చాలామందికి అనుభవమే. ఆటిజం ఉన్నవాళ్ళలోనూ ఇంద్రియాలకు తగిలేవి మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో తోచడం సాధారణం. 2013లో వెలువడిన అమెరికన్ మనోవైద్యుల గ్రంథం డీఎస్ఎం-5 దాన్ని లక్షణాల్లో చేర్చింది కూడా.

ఇదంతా తెలిశాక నాకు ఒక పట్టుదల పుట్టింది. పాడుచేసినవాణ్ణి నేనే గనుక బాగుచెయ్యవలసినవాణ్ణీ నేనే అనుకున్నాను. 'టైమ్' పాట మావాడి చెవులకు ఎంతవరకు పనికొస్తుందో శాస్త్రీయంగా తేల్చేద్దామని ఒక తెల్లకాగితం, మూడు రంగుల పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఫిజిక్సు చిత్తగించండి.

ముందుగా, ఆ గడియారాల మోత అంతగా ఎందుకు తగులుతుంది? బయటి చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక కొస తెరిచి, రెండో కొస కర్ణభేరితో మూసి ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో మూసిన గొట్టం అనునాదం లెక్క చేశాం కదా, అదే ఇది. తరంగదైర్ఘ్యం గొట్టం పొడవుకు నాలుగింతలు, అంటే 10 సెంటీమీటర్లు. ధ్వనివేగం సెకనుకు 340 మీటర్లు. భాగిస్తే 3,400 హెర్ట్జ్‌లు. అంటే 3,000 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల వచ్చే శబ్దాన్ని మన చెవి గొట్టమే కాస్త పెంచి లోపలికి పంపుతుంది. గంటల గణగణ, తాళాల ఝణఝణ, ఎలక్ట్రిక్ గిటారు కీచు, పసిపిల్ల ఏడుపు, వీటన్నింటికీ ఆ ఇలాకాలో బలం బాగా ఉంటుంది. అదే తీవ్రత గల మృదంగం ఎడమ వైపు గుమికి అంత పదును ఉండదు.

రెండోది, చెవికి ఒక కాపలాదారు ఉన్నాడు. మధ్యచెవిలో మన ఒంట్లోకెల్లా చిన్న కండరం ఒకటి ఉంది. పెద్ద శబ్దం రాగానే అది బిగుసుకుని లోపలికి పోయే ధ్వనిని కొంత తగ్గిస్తుంది. అయితే పాపం అది లేచి కర్ర పట్టుకునేసరికి సెకనులో పదోవంతు అటూ ఇటూ పడుతుంది. పైగా అది ఆపేది ముఖ్యంగా మంద్రస్థాయి శబ్దాలనే. మెల్లగా పెరిగే శబ్దం దగ్గర దానికి సమయం దొరుకుతుంది. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా దూకే గంటల దగ్గర ఆ కాపలావాడు దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్కతో సమానం.

మూడోది వాల్యూం మీట సంగతి. 10 డెసిబెల్‌లు పెరిగితే శక్తి పదింతలవుతుంది, మన చెవికి మాత్రం సుమారు రెట్టింపుగా తోస్తుంది. మీట తగ్గిస్తే పాట మొత్తం ఒకేలా తగ్గుతుంది. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య తేడా మాత్రం చెక్కుచెదరదు. గంటలకు సరిపడా తగ్గిస్తే టిక్‌టిక్, ఫ్యాను చప్పుడులో కలిసి మాయమవుతుంది. టిక్‌టిక్‌కు సరిపడా పెంచితే గంటలు నెత్తిన పడతాయి. నేను ఆ సాయంత్రం చేసింది సరిగ్గా ఇదే.

ఇంకొక చిన్న విషయం. ఆ గడియారాలను అలన్ పార్సన్స్ అనే రికార్డింగు ఇంజనీరు పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేశాడు. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టి వినే కొత్త పద్ధతి ఒకటి ఆ రోజుల్లో వచ్చింది. దాన్ని చూపించడానికి చేసిన పని అది. అంటే వినేవాణ్ణి గడియారాలు చుట్టుముట్టాలన్నదే అసలు ఉద్దేశం. అటువంటి దాన్ని హెడ్‌ఫోన్లలో వింటే అవి చుట్టూ కాదు, పుర్రె లోపల మోగుతాయి.

నా కాగితం తయారైంది. గంటలకు ఎరుపు రంగు వేశాను. గిటారు వాయిద్యం వచ్చే చోటా, డేవిడ్ గిల్మర్ గొంతు చించుకుని పాడే చోటా పసుపు. రిచర్డ్ రైట్ మెత్తగా పాడే భాగానికీ, చివర నెమ్మదించి 'బ్రీద్' అనే పాత పాటలోకి తిరిగి జారే భాగానికీ ఆకుపచ్చ. మొదటి టిక్‌టిక్‌కు, తర్వాత వచ్చే నెమ్మది డ్రమ్ములకు మరీ లేత ఆకుపచ్చ. కాగితం కింద "గంటలు దాటించి వినిపించవచ్చు" అని తీర్పు కూడా రాశాను. చాలా గర్వంగా వాడి చేతికిచ్చాను.

వాడు చూసి నవ్వాడు. "ఒరేయ్, గంటలు ఎప్పుడొస్తాయో ముందే చెబితే పళ్ళ బిగువున ఎలాగో ఓర్చుకుంటాను. నన్ను చంపింది ఆ టిక్‌టిక్. నీ గడియారం బ్యాటరీ నేనెందుకు తీసేవాణ్ణనుకున్నావ్?"

నేను మీటరు పట్టుకుని గట్టిదనాన్ని కొలిచాను. వాడికున్నది ఒక బాధ కాదు, రెండూ ఉన్నాయి. గంటలది ఒక బాధ, టిక్‌టిక్‌ది ఇంకో బాధ. రెండోదాన్ని ఏ డెసిబెల్ మీటరూ పట్టుకోలేదు. తీరా మళ్ళీ పాట పెట్టి జాగ్రత్తగా వింటే తెలిసిందేమిటంటే, గడియారాలు ఆగాక కూడా ఆ టిక్‌టాక్ ఆగదు. రోజర్ వాటర్స్ బేస్ గిటారు తీగలను చేత్తో అదిమిపట్టి మీటుతూ అదే చప్పుడును డ్రమ్ముల వెనక కొనసాగిస్తాడు. నేను లేత ఆకుపచ్చ పూసిన ఆ రెండు నిమిషాలే మావాడికి అసలైన ఎరుపు. "గంటలు దాటించి వినిపించవచ్చు" అన్న నా తీర్పు పట్టుకుని వాణ్ణి ఇంకోసారి కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో!

ఆ కాగితం చింపేసి ఇద్దరం కలిసి కొత్తది గీశాం. ఈసారి రంగులు వాడు వేశాడు. నేను సెకన్లు రాశాను, అంతే. ఎక్కడ శబ్దం దూకుతుంది, ఎక్కడ ఒకే చప్పుడు పదే పదే వస్తుంది, ఎక్కడ కీచు ఎక్కువ, ఎక్కడ ఊపిరి పీల్చుకోవడానికి చోటుంది అని విడివిడిగా చూశాం. దాంతో 'ఈ పాట పనికొస్తుందా, రాదా' అన్న ప్రశ్నే పోయి, 'ఈ పాటలో ఏ ముక్క, ఎవరికి, ఏ గదిలో' అన్న ప్రశ్న మిగిలింది. గాత్రం దగ్గర మొదలుపెడితే మావాడికి పాట హాయిగా సాగింది. గిటారు దగ్గర నేను భయపడ్డాను గాని, "అది మెల్లగా మెట్లెక్కి వస్తుంది, కనబడుతూనే ఉంటుంది, ఫర్వాలేదు" అన్నాడు. నాకు అన్నింటికంటే ఇష్టమైనది మాత్రం ఆ డ్రమ్ముల భాగమే. అది వాడికెప్పటికీ అందదు. దానికి నేను చెయ్యగలిగిందేమీ లేదు.

ఈ పద్ధతిలోనే మరికొన్ని పాటలు చూశాం. లెడ్ జెప్పెలిన్ వారి 'స్టెయిర్‌వే టు హెవెన్', 1971 నాటిది, ఎనిమిది నిమిషాల పాట, చివరికి పెద్ద రణగొణధ్వనే. అయినా మావాడికి అది సుఖంగా ఉంది. ఒంటి గిటారుతో మొదలై, సగం దారి దాటాక గాని డ్రమ్ములు రావు, ప్రతి మెట్టూ ముందే తెలుస్తుంది. నిర్వానా వారి 1991 నాటి 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'లో మెత్తన, గట్టి, మళ్ళీ మెత్తన, మళ్ళీ గట్టి. మొదటిసారి దెబ్బ తగిలినా రెండోసారికి లెక్క తెలిసిపోతుంది. బీటిల్స్ వారి 1967 నాటి 'ఎ డే ఇన్ ది లైఫ్' మాత్రం చిత్రమైన కేసు. అందులో నలభై మంది వాద్యబృందం ఇరవైనాలుగు బార్ల పాటు కిందినుంచి పైకి పాకుతుంది, అది మెల్లగానే. కాని ఆ మోత చివర మళ్ళీ ఒక అలారం గడియారం! ఇంగ్లీషువాళ్ళకు గడియారాల మీద ఇంత మోజేమిటో నాకు అర్థం కాదు. ఆ పాట ముగిశాక బ్రిటన్‌లో అమ్మిన రికార్డు చివర కుక్కలకు వినబడేంత హెచ్చు స్థాయిలో, దాదాపు 15,000 హెర్ట్జ్‌ల ధ్వని ఒకటి తమాషాకు పెట్టారు. వయసు మళ్ళిన చెవులు అంత హెచ్చు ధ్వనిని పట్టుకోలేవు. ఈ ఒక్కచోట లెక్చరర్లు అదృష్టవంతులు.

రాక్ సంగీతమే మొత్తం దోషి అని ఎవరైనా పెద్దలు అనబోతే కాస్త ఆగండి. హేడన్ మహాశయుడు తన 94వ సింఫనీలో ప్రేక్షకులు జోగుతూ ఉండగా ఢామ్మని ఒక్క దెబ్బ వేయించి రెండు వందల ఏళ్ళు దాటింది. దాని పేరే 'సర్‌ప్రైజ్' సింఫనీ. నేను మావాడికి వాగ్దానం చేసిందీ ఆ సర్‌ప్రైజే కదా.

కొత్త రికార్డులతో ఇంకో చిక్కుంది. గత ముప్ఫై నలభై ఏళ్ళలో రికార్డులను అణిచి, చిన్న శబ్దాన్ని కూడా పెద్ద శబ్దమంత లేపే అలవాటు బాగా పెరిగింది. 2008లో మెటాలికా వారి 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు అభిమానులే ఈ విషయమై గోలపెట్టారు. ఇటువంటి పాటలో ఉలికిపాటు ఉండదు, ఎందుకంటే దూకడానికి కింద నేలే లేదు. అంతా మిద్దె మీదే. ఉలిక్కిపడే చెవికి ఇది నయం. శబ్దానికి త్వరగా అలసిపోయే చెవికి మాత్రం ఇది మరీ చెడ్డది, ఎక్కడా విశ్రాంతి ఉండదు గనుక. ఒకే పాట ఒకరికి మందు, ఇంకొకరికి విషం. 'సున్నితమైన చెవులకు అనువైన పాటలు' అని ఎవరైనా ఒకే జాబితా అందరికీ ఇస్తే నేనైతే నమ్మను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటలు 80 డెసిబెల్‌ల వరకు, పిల్లలకైతే 75 వరకు వినవచ్చునని ఒక లెక్క చెప్పింది. మంచి లెక్కే, అందరూ పాటించవలసిందే. కాని అది చెవి చెడిపోకుండా ఉండడానికి చెప్పిన లెక్క సుమా, బాధపడకుండా ఉండడానికి కాదు. అట్లాగే, శబ్దం పడదు కదా అని రోజంతా చెవుల్లో దూది కుక్కుకోవడం కూడా మంచిది కాదంటారు నిపుణులు. లోపలికి వచ్చేది తగ్గినకొద్దీ మెదడు తన మీట ఇంకా పైకి తిప్పుకుంటుందట. బాణాసంచా దగ్గరో, బ్యాండుమేళం దగ్గరో పెట్టుకోవాలి, నిశ్శబ్దంగా ఉన్న లైబ్రరీలో కాదు. ఇందులో ఎంత, ఎప్పుడు అని చెప్పడానికి ఆడియాలజిస్టు అనే నిపుణుడు ఉంటాడని మావాడికి ఇరవై రెండో ఏట తెలిసింది. ఇప్పుడు వెళ్తున్నాడు. "అలవాటు చేస్తే అదే పోతుంది" అని బలవంతంగా స్పీకరు ముందు కూర్చోబెట్టేవాళ్ళకు మాత్రం ఆ పని మానమని నా మనవి. ఆ వైద్యం నేను చేసి చూశాను.

ఈ సంవత్సరం మా సంగీత సాయంత్రంలో ఆఖరి అంశం మళ్ళీ 'టైమ్'. తీసేద్దామన్నాను. మావాడే ఒప్పుకోలేదు. "నా కోసం తీసేస్తే మళ్ళీ నాజూకు దొర అంటారు. తీయొద్దు, చెప్పు చాలు" అన్నాడు. కార్యక్రమపత్రంలో ఆ పాట కింద ఒక వాక్యం అచ్చువేయించాం: 'మొదటి నిమిషంలో గడియారాలు హఠాత్తుగా మోగును. గాత్రము రెండున్నర నిమిషముల పిమ్మట'. మా జూనియరు ఒకడు "ఇదేమిటన్నా, రైల్వే టైంటేబుల్లా ఉంది" అని నవ్వాడు. స్పీకర్లకు దూరంగా, తలుపు పక్కన ఒక వరుస కుర్చీలు వేయించాం. పాట మొదలవుతుందనగా వేదిక మీంచి నేను చెయ్యి ఎత్తాను. మావాడు లేచి వరండాలోకి పోయాడు. వాడి వెనకే ఇంకో ఇద్దరు లేచారు. ఒకమ్మాయి, ఒక ఫస్టియరు కుర్రాడు. వాళ్ళ సంగతి మాకెవరికీ తెలియదు.

గాత్రం మొదలయ్యేసరికి ముగ్గురూ తిరిగొచ్చి తలుపు పక్క వరుసలో కూర్చున్నారు. గిటారు మెట్లెక్కుతుండగా మావాడు పక్కనున్న కుర్రాడి వైపు వంగి ఏదో చెబుతున్నాడు. వేదిక మీదికి వినబడలేదు గాని, వేళ్ళతో లెక్కపెట్టి చూపిస్తున్నాడు.